తాటిపండ్లు రాలి పాడైపోతున్నాయి, ఏం చేసుకోవచ్చు?

పొలంగట్టు | 19 ఆగస్టు, ఉదయం 7:12

అందరికీ నమస్కారం. తాడేపల్లిగూడెం దగ్గర మాకు కొంచెం పొలం ఉంది. గట్ల మీద, కాలవ వెంబడి తాటిచెట్లు పాతికకు పైనే ఉంటాయి. ఈ ఎండాకాలం ముంజెలు దింపడానికి ఎక్కేవాళ్లు దొరకలేదు. కాయలన్నీ చెట్టు మీదే ముదిరి ఇప్పుడు పండ్లు రాలుతున్నాయి. తెల్లారగట్ల వెళ్తే ఏ చెట్టు కింద చూసినా రెండు మూడు ఉంటాయి. పొద్దెక్కితే గేదెలు నమిలేస్తున్నాయి, మిగిలినవి రాత్రికి పందుల పాలు.

మా ఆవిడ రొట్టె వేసింది. వాసన వీధి చివరిదాకా వెళ్లింది గానీ, తింటే ఆఖర్న నాలిక మీద చేదు. పిల్లలు తలో ముక్క కొరికి పక్కన పెట్టేశారు. మా అమ్మ చేసిన రొట్టెలో ఈ చేదు ఉండేది కాదు. అడుగుదామంటే ఇప్పుడు ఆవిడ లేరు.

చేదు ఎందుకొస్తుంది, ఎలా పోగొట్టాలి? రొట్టె, గారె కాకుండా గుజ్జు నిలవ చేసుకునే దారేమైనా ఉందా? టెంకలతో తేగలు వేద్దామని కూడా ఉంది. పాతర వేయడం తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

గోదారివంట | 19 ఆగస్టు, ఉదయం 9:48

పొలంగట్టు గారూ, పండు ఎంచుకోవడం దగ్గరే సగం పని ఉంది. తనంతట తాను రాలిన పండే తీసుకోండి. కర్రతో కొట్టి దింపినది, ఒక పక్క ఇంకా గట్టిగా ఉన్నది వద్దు. ముచ్చిక పట్టుకుని లాగితే చేతిలోకి వచ్చేయాలి. రాలిన రోజే గుజ్జు తీసేయండి. మర్నాటికి పులుపు వాసన మొదలవుతుంది, పురుగు చేరుతుంది.

కడిగిన పండును అన్ని వైపులా నేలకేసి మెల్లగా కొడితే నల్లటి పైతొక్క పట్టు వదిలేస్తుంది. తొక్కకు అంటుకున్న గుజ్జు కోసం ఆశపడి గీకకండి. లోపల మూడు టెంకలు ఉంటాయి, ఒక్కోసారి రెండే. వాటిని విడదీస్తే నడిమధ్య గట్టి పీచు కాడ ఒకటి కనిపిస్తుంది. అది తీసి పారేయండి. ఇక టెంకను చిల్లుల పళ్లెం మీద రుద్దడమే. మా అత్తగారు వెదురుబుట్ట బోర్లించి దాని మీద రుద్దేవారు, పీచంతా బుట్ట మీదే ఆగిపోయేది. నీళ్లు చేయి తడుపుకునేంత చాలు. టెంకకు ఇంకా పసుపు రంగు ఉంది కదా అని చెంబెడు నీళ్లు పోసి పిసికారో, చేదంతా గుజ్జులోకి దిగుతుంది. చాలామంది రొట్టె అక్కడే పాడవుతుంది.

కొలత చెప్తాను. చిక్కటి గుజ్జు రెండు గ్లాసులకు బియ్యం రవ్వ రెండు గ్లాసులు, బెల్లం గ్లాసున్నర, ఒక చిప్ప కొబ్బరి కోరు, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు. కలిపి నాలుగైదు గంటలు వదిలేయండి. బెల్లం కరిగేటప్పుడు పిండి జారుగా అవుతుంది, కంగారుపడి రవ్వ పోయకండి. నానేకొద్దీ అదే బిగుస్తుంది. అడుగు మందంగా ఉన్న మూకుడులో నూనె కాస్త ధారాళంగానే వేసి, పిండి రెండంగుళాలకు మించకుండా పోసి, మూత పెట్టి సన్నసెగ మీద ఉంచండి. కట్టెల పొయ్యి రోజుల్లో మూత మీద కూడా నిప్పులు పోసేవాళ్లు కాబట్టి తిప్పే పని ఉండేది కాదు. గ్యాస్ మీద తిప్పక తప్పదు. అంచులు ముదురు ఎరుపుకొచ్చి మూకుడు నుంచి విడివడ్డాక తిప్పండి. వేడి మీద కోయకండి. ఈ రొట్టె మర్నాడే బాగుంటుంది.

ఖరగ్‌పూర్_తెలుగోడు | 19 ఆగస్టు, మధ్యాహ్నం 1:20

గోదారివంట గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. ఇక్కడ బెంగాలీ ఇళ్లలో గుజ్జు తీశాక పల్చటి బట్టలో మూట కట్టి, గిన్నె మీద కొన్ని గంటలు వేలాడదీస్తారు. కిందికి పసుపు నీళ్లు కారతాయి. ఒక చుక్క నాలిక మీద వేసుకోండి, చేదంతా ఎక్కడుందో తెలుస్తుంది. ఆ నీళ్లు పారబోసి, మూటలో మిగిలిన ముద్దను సన్నసెగ మీద దగ్గర పడేదాకా కలుపుతారు. కృష్ణాష్టమికి వీళ్లు చేసే తాలేర్ బొరా అనే ఉండలు దీంతోనే. మన తాటిగారెకు చుట్టమే అనుకోండి, కొంచెం మెత్తగా ఉంటాయి.

వృక్షశాస్త్రం_బెంచీ | 19 ఆగస్టు, రాత్రి 10:05

చేదుకు కారణం ఫ్లాబెల్లిఫెరిన్లు అనే సాపోనిన్లు. తాటిచెట్టు శాస్త్రీయ నామం బొరాసస్ ఫ్లాబెల్లిఫర్, వీటి పేరు అందులోంచి వచ్చిందే. సాపోనిన్లు కుంకుడుకాయలో నురగ తెప్పించే జాతి పదార్థాలు. ఇవి నీళ్లలోకి దిగుతాయి కాబట్టే బట్టలో వడకట్టే పద్ధతి పనిచేస్తుంది, నీళ్లు పోసి పిసికితే బెడిసికొడుతుంది. గుజ్జుకు ఎంజైము కలిపి చేదు తగ్గించే పద్ధతుల మీద శ్రీలంకలో చాలా పరిశోధన జరిగింది. ఇంట్లో అంత అవసరం లేదు.

అసలు సంగతి వేరే ఉంది. ఈ చేదు చెట్టు చెట్టుకూ మారుతుంది. తాటి విత్తనం నుంచి వచ్చే చెట్టే, అంటు కట్టడం లేదు, కాబట్టి ఏ రెండు చెట్లూ ఒకలా ఉండవు. పొలంగట్టు గారికి పాతిక చెట్లున్నాయి. ఒక్కో చెట్టు పండు గుజ్జు వేలితో తీసి పచ్చిగానే రుచి చూడండి. తియ్యగా ఉన్న చెట్టు మొదలుకు సున్నంతో గుర్తు పెట్టండి. మీ అమ్మగారు ఏ చెట్టు పండు రొట్టెకు పనికొస్తుందో చూసే తెచ్చేవారని నా అనుమానం.

పొలంగట్టు | 20 ఆగస్టు, ఉదయం 6:55

వృక్షశాస్త్రం గారూ, మీరన్నది నిజమే అయ్యుంటుంది. కాలవ మలుపులో ఉన్న చెట్టు కిందికి మమ్మల్ని పంపేది, మిగతావి గేదెలకు వేయమనేది. ఇవాళే రుచి చూడడం మొదలుపెడతా.

నగరవాసి | 20 ఆగస్టు, ఉదయం 11:31

పండు సంగతి నాకు తెలియదు గానీ ముంజెల మీద డౌట్. ఎండాకాలం హైదరాబాద్‌లో రోడ్డు పక్కన ముంజెలు కొంటే ఇంటికి వచ్చేసరికి సగం పులిసిపోయి ఉంటాయి. బేరం ఆడితే అమ్మేవాడు ముఖం తిప్పుకుంటాడు. మంచివి ఎలా గుర్తుపట్టాలి? షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా? మా నాన్నగారికి ప్రాణం అవంటే.

మోకు_గుజి | 20 ఆగస్టు, మధ్యాహ్నం 3:15

నగరవాసి అన్నా, ఒలిచి ఆకుల పెట్టి అమ్మేవి కొనకు. కాయలు కొను, నీ ముందటనే కొట్టించుకో. కాయల ఉన్నంతసేపు రెండు మూడు రోజులైనా ఏం కాదు, ఒలిచిన్నంక ఎండల గంటల్లనే పులుస్తది. బొటనవేలు పెట్టి గుచ్చితే లోపల నీళ్లు చిమ్మాలె, ముంజె వణకాలె. వేలు ఆగిందంటే ముదిరింది, అది తింటే కడుపునొప్పే. పైన గోధుమ రంగు పొర వగరు ఉంటది. పిల్లలకు తీసి పెట్టు, పెద్దోళ్లు దాంతోనే తింటరు. ఎండకు చెమటకాయలు లేస్తే ఆ నీళ్లే రాసుకుంటరు మా దిక్కు.

షుగర్ సంగతి డాక్టర్‌ను అడుగు. ముంజెల ఎక్కువ నీళ్లే గని తీపి అయితే ఉంటది.

మాది యాదాద్రి భువనగిరి జిల్లా, మా నాయిన గీత కార్మికుడు. పొలంగట్టు అన్న ‘ఎక్కేవాళ్లు దొరకలేదు’ అన్నడు కదా, ఎందుకు దొరుకుతరు? మోకు, ముస్తాదు, గుజి అని చెట్టెక్కే సామాన్లు ఉంటయి, ఈ మూడింటి మీద ప్రాణం పెట్టి ఎక్కాలె. వాన పడి చెట్టు తడిసిందంటే ఇంకా కష్టం. పడి నడుము విరిగి మంచాన పడ్డోళ్లు ఊరికి ఒక్కరైనా ఉంటరు. 2024ల తెలంగాణల కాటమయ్య రక్షణ కవచం పేరుతోని సేఫ్టీ కిట్లు ఇచ్చుడు మొదలైంది, అది మంచి పని. ముంజెల ధర ఎక్కువ అనేటోళ్లు ఒక్కసారి చెట్టు మొదట్ల నిలబడి పైకి చూడాలె.

నగరవాసి | 20 ఆగస్టు, సాయంత్రం 6:02

అన్నా, ఇకమీదట బేరం ఆడను.

ఇంకొకటి. మీ వైపు చెట్లు అన్ని ఉంటాయి కదా, మరి తాటిరొట్టె అనేది మా అత్తగారి ఊరు గోదావరి వైపే తిన్నాను, తెలంగాణలో పెద్దగా చూడలేదు. ఎందుకని?

మోకు_గుజి | 20 ఆగస్టు, రాత్రి 8:40

కల్లు గీసిన గెలకు కాయ యాడికెల్లి వస్తది అన్నా? పండుతాడు, అంటె కాయ కాసే ఆడచెట్టు అయినా సరే, లేత గెలను కట్టి రోజూ చెక్కుతుంటే ఆ చెట్టు రసమంతా లొట్టిలకే పోతది. మా దిక్కు చెట్లు ఎక్కువ కల్లుకే పోతయి, పండు దాకా వచ్చేవి తక్కువ. గోదావరి దిక్కు గట్ల మీద వదిలేసినవి ఎక్కువ. నేను అనుకునేది అదే, పెద్దోళ్లు వేరే చెప్తరేమో.

లెక్కలమాస్టారు | 21 ఆగస్టు, ఉదయం 8:17

అందరూ రుచుల గురించి మాట్లాడుతున్నారు గానీ లెక్క ఎవరూ చూడడం లేదు. ఎక్కేవాడు లేడు, కొనేవాడు లేడు, పండ్లు గేదెల పాలు. ఇటుక బట్టీవాళ్లు వచ్చి చెట్టుకింత అని ఇస్తారు, ఇచ్చేయండి. మీ వైపు ఆయిల్ పామ్ బాగా వస్తుంది, పెదవేగిలో దాని మీద జాతీయ పరిశోధనా సంస్థే ఉంది. 2021లో వచ్చిన కేంద్ర పథకం కింద సాయం కూడా ఉంది. అదీ పామే కదా, పండూ ఉంటుంది, నెలనెలా డబ్బు.

పాతరబాబాయి | 21 ఆగస్టు, ఉదయం 9:30

మాస్టారూ, ఆయిల్ పామ్ ఎకరాలకు ఎకరాలు కావాలి, నీళ్లు కావాలి, ఎరువు కావాలి. ఈయన తాటిచెట్లు గట్టు మీద ఉన్నాయి. గట్టు మీద ఆయిల్ పామ్ వేస్తారా? తాడి మీ నుంచి సెంటు భూమి అడగడం లేదు, చెంబెడు నీళ్లు అడగడం లేదు. గాలివానకు కాలవ గట్టు తెగకుండా కాచేది దాని వేళ్లే. నాటిన తాడి కాపుకు రావాలంటే పన్నెండు, పదిహేనేళ్లు, కొన్ని ఇరవై కూడా తీసుకుంటాయి. బట్టీలో అది ఒక్క రాత్రికి కాలిపోతుంది. మీ లెక్కలో ఈ పదిహేనేళ్లు ఏ గడిలో వేశారో చెప్పండి.

లెక్కలమాస్టారు | 21 ఆగస్టు, ఉదయం 9:52

పొలంలో ఆయిల్ పామ్ అన్నాను, గట్టు మీద అనలేదు. అయినా సెంటిమెంట్‌తో ఇల్లు గడవదు బాబాయ్. గుజ్జు అమ్ముకునే మార్గం ఉంటే చూపించండి, నేనే చేతులెత్తి దండం పెడతా.

వృక్షశాస్త్రం_బెంచీ | 21 ఆగస్టు, మధ్యాహ్నం 12:40

మార్గం లేకపోలేదు. రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధనా స్థానం ఉంది. తాటి మీద పనిచేస్తారు. గుజ్జు, తాండ్ర, జెల్లీ, తాటిబెల్లం, నీరా లాంటివి ఎలా తయారుచేయాలో అక్కడ అడగొచ్చు. తాటిగుజ్జులో పెక్టిన్ ఉంటుంది కాబట్టి జామ్ బాగానే బిగుస్తుంది. పసుపు రంగంతా కెరోటిన్లది.

అయితే ఒక చిక్కుంది, ముందే చెప్పాలి. మామిడితాండ్ర మంచి ఎండల్లో ఆరుతుంది. తాటిపండు వచ్చేది శ్రావణ భాద్రపదాల్లో, నడివానాకాలంలో. చాప మీద పలచగా పూసి, అది ఆరాక దాని మీద ఇంకో పూత వేస్తూ పోవాలి. మధ్యలో నాలుగు రోజులు ముసురు పట్టిందా, బూజు ఖాయం. మామిడితాండ్రకు ఉన్నంత వ్యాపారం తాటితాండ్రకు లేకపోవడానికి ఇదొక పెద్ద కారణమని నా అభిప్రాయం. సోలార్ డ్రయ్యరో, కరెంటు డ్రయ్యరో ఉంటేనే దిగండి. లేదంటే గుజ్జును దగ్గరపడేదాకా ఉడికించి, చల్లార్చి, చిన్న చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకోండి. సంక్రాంతికి కూడా రొట్టె వేసుకోవచ్చు.

ఖరగ్‌పూర్_తెలుగోడు | 21 ఆగస్టు, మధ్యాహ్నం 2:11

థాయ్‌లాండ్ వెళ్లినప్పుడు ఖనోమ్ తాన్ అని తిన్నాను. తాటిగుజ్జు, బియ్యప్పిండి, కొబ్బరిపాలు, పంచదార కలిపి పులియబెట్టి, ఆకు దొప్పల్లో పోసి ఆవిరి మీద ఉడికించి పైన కొబ్బరి కోరు చల్లుతారు. పసుపు రంగులో పొంగి, ఇడ్లీ అంత మెత్తగా ఉంటుంది. మాస్టారూ, అక్కడ అది వీధి వీధినా అమ్ముతున్నారు. మన దగ్గర ఒక్క టిఫిన్ సెంటర్‌లోనూ తాటి ఇడ్లీ దొరకదు.

గోదారివంట | 21 ఆగస్టు, సాయంత్రం 4:50

మా ఇంట్లో ఆవిరికుడుములు అంటాం, అదే పద్ధతి. కొబ్బరిపాలు పోయం, పులియబెట్టం. గారెలకైతే తడి బియ్యప్పిండి వాడండి, పొడి పిండితో రాయి అవుతాయి. గారె నూనెలో వేయగానే తిప్పకూడదు, బెల్లం ఉంది కాబట్టి రంగు ముందే వచ్చేస్తుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది. సెగ తగ్గించి ఓపిక పట్టాలి.

పాతరబాబాయి | 22 ఆగస్టు, ఉదయం 7:05

పొలంగట్టు, నీ మూడో ప్రశ్న అందరూ వదిలేశారు. తేగల సంగతి నేను చెప్తా.

గుజ్జు తీసిన టెంకలు, గేదెలు నమిలి వదిలేసిన టెంకలు అన్నీ పనికొస్తాయి. నీళ్లలో వేసి తేలినవి తీసి పక్కన పెట్టు. చాలామంది చేసే తప్పు ఏమిటంటే గొయ్యి తీసి అందులో టెంకలు పూడ్చేయడం. తేగ పైకి రాదు నాయనా, కిందికి దిగుతుంది. అందుకని గొయ్యి కాదు, తిన్నె కావాలి. నీళ్లు నిలవని చోట ఇసుక కలిసిన మెత్తటి మట్టిని రెండు అడుగుల ఎత్తున పోసి, పైన చదును చెయ్. దాని మీద టెంకల్ని పక్కపక్కనే ఆనించి పరిచెయ్. పైన నాలుగు వేళ్ల మందం మట్టి కప్పి, తాటాకులు వేసెయ్. వానాకాలం కాబట్టి నీళ్లు పెట్టే పని ఉండదు. వానలు వెనకబడితే వారానికోసారి తడుపు.

మట్టిలో రాళ్లు ఉన్నాయా, తేగ వంకర తిరుగుతుంది, తవ్వేటప్పుడు విరుగుతుంది. బంకమట్టి అయితే అసలు దిగదు, పొట్టిగా ఉండిపోతుంది. కాలవ ఇసుక దొరికితే అంతకంటే మంచిది లేదు.

రెండు నెలలకు రెండు టెంకలు తీసి కొట్టి చూడు. లోపల బుర్రగుంజు తయారై ఉంటుంది, తెల్లగా, మెత్తగా, తియ్యగా. అది తినాలంటే అప్పుడే. తేగ ఊరేకొద్దీ గుంజు చప్పబడిపోతుంది. మూడున్నర, నాలుగు నెలలకు తేగలు తవ్వుకోవచ్చు.

వృక్షశాస్త్రం_బెంచీ | 22 ఆగస్టు, ఉదయం 10:26

బాబాయి గారు చెప్పిన ‘కిందికి దిగుతుంది’ అన్నదాని వెనక కథ భలేగా ఉంటుంది. టెంకలో పిండం చాలా చిన్నది. మొలకెత్తగానే ఆకు పైకి రాదు. విత్తనం నుంచి ఒక గొట్టం లాంటి కాడ బయటికొచ్చి నేలలోకి దిగుతూ, ఆ పిండాన్ని తన కొసలో పెట్టుకుని లోతుకు మోసుకుపోతుంది. అక్కడ భద్రంగా కూర్చున్నాక వేరు కిందికి, ఆకు పైకి. ఎండలు, పశువులు, గడ్డి మంటలు వీటన్నిటి నుంచీ తప్పించుకోవడానికి ఇదొక ఏర్పాటు. ఆ గొట్టం లోపల పిండి పదార్థం నిండి లావెక్కుతుంది, దాన్నే మనం తేగ అని తింటున్నాం.

మరి బుర్రగుంజు ఏం చేస్తుందంటే, ముంజెగా ఉన్నప్పుడు మెత్తగా ఉన్న పదార్థమే కాయ ముదిరాక రాయిలా గట్టిపడి ఉంటుంది కదా, దాన్ని మెల్లగా కరిగించి మొలకకు తిండిగా పంపుతుంది. టెంకలో గుంజు పెరిగేకొద్దీ ఆ గట్టి పదార్థం తరిగిపోతుంది. ఒకే కాయలో ముంజె తింటే పండు లేదు, పండు దాకా ఆగితే ముంజె లేదు, కానీ పండు తిన్నాక కూడా టెంకలో ఇంకో పంట మిగిలే ఉంటుంది.

పొలంగట్టు | 31 ఆగస్టు, రాత్రి 9:15

అప్‌డేట్. రుచి చూసిన చెట్లలో నాలుగు బాగా తియ్యగా ఉన్నాయి. మిగతావాటిలో కొన్ని పర్వాలేదు, రెండు మాత్రం విషం. అమ్మ పంపే కాలవ మలుపు చెట్టు ఆ నాలుగిట్లో ఉంది. మా ఆవిడ గుజ్జును బట్టలో వేలాడదీసి రొట్టె వేసింది, ఈసారి పిల్లలు మర్నాటిదాకా ఆగలేదు. ఫ్రీజర్‌లో డబ్బాలు పెట్టాం. టెంకలన్నీ తిన్నె మీద పరిచాను, కాలవలో ఇసుక మేట వేసిన చోటు నుంచి ట్రాక్టర్ ట్రక్కు తెప్పించా.

లెక్కలమాస్టారు గారూ, బట్టీవాళ్లు నిన్న వచ్చారు. ఇవ్వనని చెప్పాను. మీ మీద కోపం లేదు.

లెక్కలమాస్టారు | 31 ఆగస్టు, రాత్రి 9:58

కోపం ఎందుకండీ. గుజ్జు డబ్బాలు అమ్మే ఉద్దేశం ఉంటే మాత్రం ఒకటి నాకు.

దీపాలపిల్ల | 12 అక్టోబర్, మధ్యాహ్నం 12:05

పాత చర్చ పైకి తెస్తున్నందుకు ఏమీ అనుకోకండి. పొలంగట్టు గారూ, మీ చెట్లలో పోతుతాళ్లు, అంటే మగచెట్లు ఉన్నాయా? వాటి ఎండిన పూల కాడలు కావాలి. మా తాతగారు దీపావళికి వాటిని కాల్చి బొగ్గు చేసి, నూరి, ఉప్పు కలిపి గుడ్డలో పొట్లం కట్టేవారట. తాటి కమ్మల మధ్య బిగించి, నిప్పంటించి, తాడుతో గిరగిరా తిప్పితే రవ్వల వాన. పిల్లలకు చూపిద్దామని.

పొలంగట్టు | 12 అక్టోబర్, సాయంత్రం 7:30

సగం దాకా పోతుతాళ్లే అండీ. కింద రాలినవి బోలెడు ఉన్నాయి, ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్లండి. ఖాళీ జాగాలో తిప్పండి, గడ్డివాములకు దూరంగా.

ఇవాళే రెండు టెంకలు కొట్టి చూశాం. గొడ్డలితో కొట్టడానికి పిల్లాడు భయపడుతుంటే మా పాలేరు ఒక్క దెబ్బకు రెండు చెక్కలు చేశాడు. లోపల బుర్రగుంజు ఇంకా పూర్తిగా నిండలేదు, చుట్టూ కొబ్బరి మందంగా ఉంది. గుంజు మాత్రం కొరికితే బుస్సుమని నీళ్లు. ఇంకో రెండు వారాలు ఆగమంటారా బాబాయ్?

పాతరబాబాయి | 12 అక్టోబర్, రాత్రి 8:10

ఆగు. కార్తీకంలో తిను. తినే వాటికి ఒక పక్కన వరస కేటాయించుకో, తిన్నె అంతా కెలకొద్దు.

పొలంగట్టు | 6 జనవరి, ఉదయం 10:44

తేగలు తవ్వడం మొదలైంది. ఇసుక పుణ్యమా అని అన్నీ నిటారుగా వచ్చాయి. కొన్ని మూరకు దగ్గరగా ఉన్నాయి. కుండలో పేర్చి తంపటి వేశాం. పిల్లలు తేగ నిలువునా చీల్చి మధ్యలో ఉండే చందమామ, అదే ఆ లేత మొలక, ముందు ఎవరికని కొట్టుకుంటున్నారు. ఇంకా చాలా ఉన్నాయి. ఉడికించినవి ఎన్నాళ్లు నిలవుంటాయి? పిండి చేస్తారని విన్నాను.

గోదారివంట | 6 జనవరి, మధ్యాహ్నం 1:02

ఉడికించినవి బయట రెండు మూడు రోజులే, తర్వాత జిగురు వస్తుంది. తవ్వకుండా ఇసుకలోనే ఉంచితే కొన్నాళ్లు ఆగుతాయి గానీ ఆలస్యం చేస్తే పీచు పట్టేస్తాయి. మిగిలినవి ఉడికించి, పైపొర తీసి, చక్రాలుగా తరిగి, గలగలలాడేదాకా ఎండబెట్టి మర పట్టించండి. సంక్రాంతి ఎండ సరిపోతుంది. పీచు బాగా ఉంటుంది, జల్లించక తప్పదు. గోధుమపిండిలో నాలుగో వంతు కలిపి రొట్టెలు చేయొచ్చు, బెల్లం వేసి జావ కాయొచ్చు.

వృక్షశాస్త్రం_బెంచీ | 6 జనవరి, మధ్యాహ్నం 3:37

ఉడికించాకే ఎండబెట్టండి, ఈ మాట గట్టిగా చెప్తున్నా. పచ్చి తేగ ఎండబెట్టిన పిండిని ఎలుకలకు పెట్టి చేసిన ప్రయోగాల్లో నరాల మీద, కాలేయం మీద చెడు ప్రభావం కనిపించింది. జాఫ్నాలో ఒడియల్ అని పచ్చిది ఎండబెట్టిన పిండి వాడతారు, చేపలు, రొయ్యలు వేసి దాంతో ఒడియల్ కూళ్ అని చిక్కటి పులుసు కాస్తారు. కానీ వాళ్లు ఆ పిండిని ముందు నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, తర్వాత ఉడికిస్తారు. ఆ పద్ధతి తెలియకుండా ఎవరూ పచ్చి పిండి జోలికి పోవద్దు.

నగరవాసి | 6 జనవరి, సాయంత్రం 5:20

పొలంగట్టు గారూ, ఒక కోరిక. మా నాన్నగారి ఊళ్లో చెరువు కట్ట ఖాళీగా ఉంది. మీ కాలవ మలుపు చెట్టు టెంకలు వచ్చే ఏడాది ఒక పది ఇస్తారా? అదే తీపి వస్తుంది కదా?

వృక్షశాస్త్రం_బెంచీ | 6 జనవరి, సాయంత్రం 6:45

వస్తుందని గ్యారంటీ లేదు నగరవాసి గారూ. ఆ చెట్టు తల్లి మాత్రమే. పుప్పొడి ఏ పోతుతాడు నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. పైగా పదిలో దాదాపు సగం పోతులే అవుతాయి, పూత వచ్చేదాకా అది తెలిసే దారి లేదు. పిలకలు రావు, అంటు కుదరదు. కాబట్టి పది కాదు, ముప్ఫై తీసుకోండి. కుండీలో పెంచి మార్చి నాటదామనుకోకండి, అంత లోతుకు దిగిన దాన్ని పెకలిస్తే బతకదు. తొలకరి తర్వాత తాజా టెంకను కట్ట మీద నేరుగా పాతేయండి, మేకలు తినకుండా కంచె వేయండి.

పొలంగట్టు | 6 జనవరి, రాత్రి 8:20

ముప్ఫై ఏం ఖర్మ, బస్తా నింపి ఇస్తా. ఆగస్టు ఆఖర్లో రండి, రొట్టె తిని తీసుకెళ్లొచ్చు. ఆడో మగో తేలేసరికి మీ అబ్బాయికి సంబంధాలు చూస్తుంటారు, అది మాత్రం నన్ను అడగొద్దు.